ఆ గుహ ఎవరి ఇల్లు?

(సంఘం వార్షికోత్సవ యువజన సదస్సులో ఒక గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

  

మమ్మల్ని పిలిచినప్పుడు "చదువు గురించి నాలుగు మంచి మాటలు చెప్పండి మేడం" అన్నారు. చదువు గురించి మంచి మాటలు మీరు చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నారు. మీలో కొందరికి ఉదయం ప్రార్థనలో మేమే చెప్పాం. అందుకే ఈ రోజు ఒక ఆట గురించి చెప్తాం. మూడేళ్లుగా మా హాస్టల్‌లో ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలు ఆడుతున్న ఆట. ఇంగ్లీషులో దాన్ని టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారు. అంత పేరు నోరు తిరగక మా పిల్లలు "కతల ఆట" అని పెట్టుకున్నారు. మేమూ అదే పేరు వాడతాం.

మా దగ్గర చదివి హైదరాబాద్‌లో డిగ్రీ చేస్తున్న ఒక అమ్మాయి వానాకాలంలో మమ్మల్ని చూడటానికి వచ్చి ఈ ఆట నేర్పింది. సంచిలోంచి ఏడు పాచికలున్న చిన్న పొట్లం తీసింది. ఒకదానికి నాలుగు ముఖాలు, ఒకదానికి ఎనిమిది, ఒకదానికి ఇరవై. ఆ రోజు కరెంటు లేదు, వాన ఆగలేదు. పిల్లలు ఆ పాచికలను చేతిలోంచి చేతిలోకి మార్చుకుంటూ సాయంత్రం దాకా కదల్లేదు.

ఆట ఏమిటంటే

నలుగురైదుగురు గుండ్రంగా కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలిన వాళ్లు ఒక్కొక్కరు ఒక పాత్ర తీసుకుంటారు. ఒకరు వేటగాడు, ఒకరు మూలికలు తెలిసినామె, ఒకరు ఊరు విడిచి పారిపోయిన రాజకుమారుడు. నడిపేవాళ్లు "మీ ముందు వాగు పొంగుతోంది, అవతల ఒడ్డున దీపం కనిపిస్తోంది, ఏం చేస్తారు?" అని అడుగుతారు. ఆడేవాళ్లు చెబుతారు. చెప్పింది జరుగుతుందా లేదా అనే అనుమానం వచ్చినచోట పాచిక వేస్తారు. అంతే ఆట. బోర్డు తప్పనిసరి కాదు. ఒకరు గెలిచి ఒకరు ఓడటం లేదు.

ఈ ఆటను మొదట అచ్చు వేసింది అమెరికాలో, 1974లో. విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరికి చెందిన గ్యారీ గైగాక్స్, మిన్నెసోటాకు చెందిన డేవ్ ఆర్నెసన్ కలిసి "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అనే పేరుతో మూడు చిన్న పుస్తకాలు ఒక డబ్బాలో పెట్టి అమ్మారు. మొదట వేసింది వెయ్యి డబ్బాలు. ఇప్పుడు ఇలాంటి ఆటలు వందల రకాలున్నాయి. ఆట పుస్తకంలో నియమాలుంటాయి. కథ మాత్రం నడిపేవాళ్లే తయారు చేసుకోవాలి, లేదంటే తయారుగా అచ్చేసింది కొనుక్కోవాలి. ఆ కథకు ముందుగా రాసుకునే రూపురేఖను అవుట్‌లైన్ అంటారు. ఈ రోజు మా మాటంతా ఆ అవుట్‌లైన్ గురించే.

మనకు కథలు కొత్త కాదు. ప్రధానులు కిక్రి వాయిస్తూ మన పూర్వీకుల కథ చెబుతుంటే తెల్లవార్లూ కూర్చుని విన్నవాళ్లం. అయితే తేడా ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఆ కథ మారదు, మారకూడదు. ఆట కథ మారాలి. ఆడేవాళ్లు మార్చలేకపోతే అది ఆటే కాదు.

మొదటి అవుట్‌లైన్, మొదటి ప్రశ్న

నెల రోజులు ఆడాక పిల్లలే సొంతంగా కథలు రాస్తామన్నారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె నాలుగు ఠావులు నింపుకొచ్చింది. బొమ్మ వేసింది, రంగులు వేసింది. చదవమన్నాం. కథ ఇది. రాజ్యం చివర పెద్ద అడవి ఉంది. అందులో గుహలున్నాయి. గుహల్లో ఆటవికులుంటారు. ఒంటి మీద ఆకులు, తలకు ఈకలు, చేతిలో విషపు బాణాలు. వచ్చేపోయే వాళ్లను చంపుతారు. వీరులు గుహలోకి వెళ్లి వాళ్లందరినీ చంపి బంగారం తెచ్చి రాజుకు ఇవ్వాలి.

రాసిన అమ్మాయి గోండు పిల్ల. వింటున్న వాళ్లు గోండు, కోలాం, తోటి, ప్రధాన్ పిల్లలు. ఎవరికీ ఏమీ తేడా అనిపించలేదు. బాణాలు బాగున్నాయన్నారు. నిజం చెప్పాలంటే మాకూ వెంటనే తట్టలేదు. చేతిరాత బాగుందని మెచ్చుకున్నాం. ఆరో తరగతి పాప ఒకతి, ఆటలో చోటు దొరక్క పక్కన కూర్చున్నది, అడిగింది. "గుహల వాళ్ల చిన్నపిల్లలుంటరు గద మేడం, వాళ్లేమైతరు?"

ఎవరూ జవాబు చెప్పలేదు. రాసిన అమ్మాయి తన కాగితాల వైపు చూసుకుంది. తర్వాత చాలా రోజులు మమ్మల్ని ఆ ప్రశ్న వదల్లేదు. ఆ పిల్లను తప్పు పట్టలేం. అడవివాళ్లంటే అలాగే ఉంటారని సినిమాలు చూపించాయి, బొమ్మల కథలు చూపించాయి. "మనం" అనే మాటలో తాను లేని కథను తానే అందంగా రాసింది. ఇరవై ఏళ్లుగా పిల్లల మధ్య ఉన్న మేము దాన్ని సరిచూసి, బాగుంది అన్నాం.

వెతికి చదివితే తెలిసింది, ఆ కథ ఆమెకంటే చాలా పాతదని. గైగాక్స్ రాసిన "ది కీప్ ఆన్ ది బోర్డర్‌ల్యాండ్స్" అనే సాహసకథ 1979లో అచ్చయింది. కొత్తగా నేర్చుకునేవాళ్ల పెట్టెలో ఆటతో పాటే వచ్చేది కాబట్టి ఎంతోమంది దాంతోనే ఆట మొదలుపెట్టారు. అందులో నాగరికత చివరి అంచున ఒక కోట. దానికి దగ్గర్లో గుహలు. ఒక్కో గుహలో ఒక్కో తెగ, అంటే ఓర్క్‌లు, గాబ్లిన్‌లు, కోబోల్డ్‌లు. కోట నుంచి వెళ్లి గుహలను ఊడ్చిపెట్టడం వీరుల పని. ఆ పుస్తకంలో గుహల్లో మగవాళ్లు ఎందరు, ఆడవాళ్లు ఎందరు, పిల్లలు ఎందరు అని లెక్క కూడా ఉంటుంది. అంటే మా ఆరో తరగతి పాప అడిగిన ప్రశ్న ఆ కాగితం మీదే ఉంది. చాలామంది ఆడేవాళ్లు ఆ ప్రశ్నకు తడబడ్డారు కూడా.

ఆ పుస్తకాన్ని పారేయమని చెప్పడం లేదు. ఒక చోటును ఎలా కట్టాలో, దారులు ఎలా వేయాలో అందులో నేర్చుకోవాల్సింది చాలా ఉంది. కానీ అడవి అంచున కోట కట్టుకున్నవాడి కళ్లతో చూస్తేనే గుహలో రాక్షసుడు కనిపిస్తాడు. గుహలో పుట్టినవాడికి అది ఇల్లు. తలుపు తన్నుకుంటూ దివిటీలతో లోపలికి వచ్చినవాడే రాక్షసుడు. జోడేఘాట్ కొండల దగ్గర పుట్టి పెరిగిన మనకు ఈ మాట ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆట తయారుచేసే వాళ్లలోనూ ఆలోచన మారుతోంది. ఓర్క్‌ల వంటి జాతులను పుట్టుకతోనే చెడ్డవాళ్లుగా చూపించడం సరికాదని, ఇకపై వాళ్లనూ మిగతా జాతుల్లాగే మంచీ చెడూ ఉన్నవాళ్లుగా రాస్తామని డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్రచురణకర్తలు 2020 జూన్‌లో ప్రకటించారు. చెరోకీ నేషన్ పౌరుడైన కానర్ అలెగ్జాండర్ ఆధ్వర్యంలో అమెరికా ఆదివాసీ రచయితలు, చిత్రకారులు కలిసి "కయోటీ అండ్ క్రో" అనే ఆట తయారుచేయడానికి పూనుకున్నారు. ఐరోపా వాళ్లు అమెరికాను ఆక్రమించుకోకుండా ఉండి ఉంటే అక్కడి జాతులు ఎలాంటి లోకం కట్టుకునేవి అన్నది ఆ ఆట ఊహ. 2021లో ముందస్తు చందాలు పిలిస్తే పది లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. వాళ్లు చేసిన పని మనమూ చేయొచ్చు. మన దగ్గర డాలర్లు లేకపోయినా ఠావు కాగితాలున్నాయి.

అవుట్‌లైన్ రాయడం ఎలా

ముందు మా పొరపాటు చెప్తాం. మొదటిసారి మేమే ఒక కథ రాశాం, పన్నెండు పేజీలు. మొదట ఇది జరుగుతుంది, తర్వాత వీరులు కొండెక్కుతారు, అక్కడ ముసలమ్మ కనిపిస్తుంది, ఆమె తాళంచెవి ఇస్తుంది, ఇలా చివరిదాకా. ఆట మొదలైన ఐదు నిమిషాలకు పిల్లలు కొండ వద్దని సంతకు వెళ్లారు. పదకొండు పేజీలు చంకలో పెట్టుకుని వాళ్ల వెనకాల మేమూ సంతకు వెళ్లాం.

బీఎడ్‌లో పాఠ్యప్రణాళిక రాసిన వాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది. ఒక వరుసలో ఉపాధ్యాయుని కృత్యం, పక్క వరుసలో విద్యార్థి కృత్యం అని గీతలు కొట్టి, విద్యార్థి చెప్పబోయే జవాబులు కూడా మనమే రాసేవాళ్లం. తరగతిలో ఒక్క పిల్లవాడూ ఆ జవాబు చెప్పేవాడు కాదు. మంచి టీచరు జవాబులు రాసుకోదు, ఎటు అడిగినా చెప్పగలిగేలా సిద్ధపడి వెళ్తుంది. అవుట్‌లైన్ కూడా అంతే. ఏం జరుగుతుందో రాయకూడదు. ఏముందో, ఎవరున్నారో, ఎవరికి ఏం కావాలో రాసుకోవాలి. జరిగేది ఆడేవాళ్ల చేతుల్లో ఉంటుంది.

మా పిల్లలు ఇప్పుడు ఒక్క ఠావులో రాస్తారు. వాళ్లు కలిసి రాసిన "ఎండిన వాగు" అనే కథతో చెప్తాం.

మొదటిది, చిక్కు. ఒకటి రెండు వాక్యాల్లో చెప్పగలగాలి. "శ్రావణ మాసంలో రాత్రికి రాత్రి వాగు ఎండిపోయింది. పై ఊరివాళ్లే కట్ట వేశారని కింది ఊరివాళ్లు కర్రలు నూరుకుంటున్నారు." ఇది చాలు. వినగానే ఆడేవాళ్లకు ఏదో ఒకటి చేయాలనిపించాలి.

రెండోది, మనుషులు. ముగ్గురు లేదా నలుగురు. ఒక్కొక్కరి పక్కన రెండే మాటలు రాయాలి. ఏం కావాలి, ఏం దాస్తున్నారు. కింది ఊరి పెద్దామెకు నాట్లకు నీళ్లు కావాలి. తన కొడుకే గొడవకు ముందు నిలబడ్డాడన్న సంగతి దాస్తోంది. పై ఊరి మంచె మీద కాపలా ఉండే కుర్రాడికి తమ్ముడు తిరిగి రావాలి. తమ్ముడు గుహలోకి వెళ్లాడని ఎవరికీ చెప్పలేదు. వ్యాపారికి కొండలోని మెరిసే రాళ్లు కావాలి. రెండు ఊళ్లకూ గొడ్డళ్లు అప్పిస్తున్నది తనేనని దాస్తున్నాడు. ఇక గుహలో రాతిమనుషులున్నారు. వాగును ఆపింది వాళ్లే. ఎందుకంటే వాళ్ల గుడ్లు పొదిగే కాలం ఇది. పిల్లలు బయటికి వచ్చేదాకా గుహలోకి నీళ్లు రాకూడదు. వ్యాపారి మెరిసే రాళ్లంటున్నవి ఆ గుడ్లే.

గుహలో గుడ్లు పెట్టాలన్నది ఎవరి ఆలోచనో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆ పాప ఇప్పుడు ఎనిమిదో తరగతి. ఆటలో ఆమెకు చోటుంది.

మూడోది, చోట్లు. నాలుగైదు చాలు. ఎండిన వాగు, కాపలా మంచె, వ్యాపారి గుడారం, లోయ, గుహ. ఒక్కో చోటుకు కళ్లకు కనిపించేది ఒకటి, చెవికి వినిపించేది ఒకటి, ముక్కుకు తెలిసేది ఒకటి రాసుకోవాలి. గుహకు ఒకే దారి పెట్టొద్దు. జెన్నెల్ జాక్వేస్ అనే ఆమె 1979లో "కావర్న్స్ ఆఫ్ థ్రేసియా" అనే సాహసకథ రాసింది. లోపలికి పోవడానికి ఎన్నో దారులు, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి తిరిగే దారులు పెట్టినందుకు ఈ రంగంలో వాళ్లు ఇప్పటికీ ఆ పుస్తకాన్ని తలుచుకుంటారు. అడవిలో తిరిగిన మనకు ఇది కొత్తగా చెప్పాలా? ఒకే దారి ఉన్న అడవి ఎక్కడైనా ఉందా?

నాలుగోది, ఆధారాలు. ఆడేవాళ్లు కనిపెట్టాల్సిన నిజం ఏదైనా ఉంటే దానికి కనీసం మూడు ఆధారాలు పెట్టాలి. జస్టిన్ అలెగ్జాండర్ అనే రచయిత 2008లో చెప్పిన సూత్రం ఇది. ఒకటి వాళ్ల కంటపడదు, ఒకటి కనిపించినా పట్టించుకోరు, ఒకదాన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు. మూడు పెడితే కథ ఆగిపోదు. మా కథలో మొదటిది, వాగు ఇసుకలో బండలు ఈడ్చిన జాడలుంటాయి, మనిషి అడుగులుండవు. రెండోది, వ్యాపారి సంచిలోని రాళ్లు ముట్టుకుంటే వెచ్చగా ఉంటాయి. మూడోది, గుహ గోడ మీద కుర్రాడి తమ్ముడు బొగ్గుతో రాసిన మాట ఉంటుంది. "తొక్కకండి, ప్రాణముంది" అని.

ఆ మూడోదాన్ని పిల్లలు గుంజాల గోండి లిపిలో రాశారు. మన నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి అది. 2018లో యూనికోడ్‌లో చేరింది, అంటే ఇప్పుడు కంప్యూటర్‌లోనూ దానికి చోటుంది. క్లాసులో బోర్డు మీద రాసి నేర్పితే ఆవులించిన పిల్లలు, గుహ గోడ మీద ఏముందో తెలుసుకోవాలని అక్షరమాల పట్టిక ముందేసుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివారు.

ఐదోది, గడువు. ఎవరూ ఏమీ చేయకపోతే ఏమవుతుందో రాసుకోవాలి. కాగితం మూల ఆరు గళ్లు గీస్తాం. ఒక్కో రోజు గడిచినకొద్దీ ఒక్కో గడి నల్లబరుస్తాం. మూడో గడికి వ్యాపారి గొడ్డళ్లు రెండు ఊళ్లకూ చేరతాయి. ఐదో గడికి పెద్దామె మాట ఎవరూ వినరు. ఆరో గడికి ఊళ్లు కొట్టుకుంటాయి. లోకం ఆడేవాళ్ల కోసం ఆగి కూర్చోదని అప్పుడు వాళ్లకే తెలుస్తుంది.

ఆరోది, ముగింపు. అది రాయకూడదు. ఇదే అందరికీ కష్టం.

పాచికల లెక్క

ఇరవై ముఖాల పాచికలు కొనే పరిస్థితి మనకు లేదు. అక్కర్లేదు కూడా. వైకుంఠపాళి డబ్బాలో ఉండే మామూలు పాచికలు రెండు చాలు. విన్సెంట్ బేకర్ 2010లో తెచ్చిన "అపోకలిప్స్ వరల్డ్" అనే ఆటలో ఉన్న పద్ధతి మేము వాడతాం. రెండు పాచికలు వేసి కలపాలి. 10 లేదా ఎక్కువ వస్తే అనుకున్నది జరిగింది. 7 నుంచి 9 వస్తే జరిగింది కానీ ఏదో ఒకటి పోగొట్టుకోవాలి. 6 లేదా తక్కువ వస్తే కథ నడిపేవాళ్లు చిక్కు పెంచుతారు.

ఇక్కడ మా లెక్కల టీచరుకు సంతోషం. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. అందులో 10 పైన 6 సార్లు, 7 నుంచి 9 దాకా 15 సార్లు, 6 కింద 15 సార్లు. ఆ పనిలో పాత్రకు నేర్పు ఉంటే ఒకటి కలపనిస్తాం. అప్పుడు 10, 16, 10 అవుతాయి. ఒక్క అంకె కలిపితే పూర్తి విజయం ఆరు నుంచి పదికి ఎందుకు పెరిగిందో పిల్లలు పట్టిక వేసి కనుక్కున్నారు. సంభావ్యత పాఠం సగం అక్కడే అయిపోయింది.

లెక్క కంటే ముఖ్యమైన మాట ఒకటుంది. పాచిక ఓడితే కథ ఆగిపోకూడదు. "తలుపు తెరుచుకోలేదు" అని ఊరుకుంటే ఆట చచ్చిపోతుంది. "తలుపు తెరుచుకుంది, కానీ చప్పుడుకు లోపలివాళ్లు లేచారు" అనాలి. ఓడినప్పుడు కూడా ముందుకు పోయే దారి ఒకటి ఉండాలి. పదో తరగతి తప్పి ఇంటికెళ్లి మళ్లీ రాని పిల్లల్ని చూసిన వాళ్లం కాబట్టి ఈ నియమం దగ్గర కాస్త గట్టిగా ఉంటాం.

ఆటలోకి రానివి

ఇప్పుడు పెద్దల ముందు చెప్పాల్సిన మాట. ఈ ఆట మీద అభ్యంతరాలు వచ్చాయి. ఒక తండ్రి వచ్చి "పాచికలంటే జూదమే కదా, ఆడపిల్లలకు నేర్పుతారా?" అని కోప్పడ్డాడు. కూర్చోబెట్టి ఒక గంట ఆట చూపించాం. పైసలు లేవని తెలిసి శాంతించాడు. ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, ఆ సంగతీ చెప్పాలి.

అంతకంటే బరువైన అభ్యంతరం ఒక పెద్దమ్మది. "మన దేవుళ్లను కూడా పాచికలేసి ఆడతారా?" అంది. ఆమె అడిగింది నిజం. ఒక జట్టు పిల్లలు నాగోబా జాతరకు మెస్రం వంశీయులు గోదావరి జలం కోసం కాలినడకన వెళ్లిరావడాన్ని కథ చేస్తామన్నారు. ఇంకొకరు నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలను ఆటలో పాత్రల రకాలుగా పెడదామన్నారు. పిల్లల ఉత్సాహం మంచిదే. కానీ వద్దన్నాం. ఆ నడక మెస్రం వాళ్ల బాధ్యత, వాళ్ల మొక్కు. దారిలో ఏమవుతుందో పాచిక వేసి తేల్చే సంగతి కాదు. ఒక విలువైన దాన్ని తేవడానికి దూరం నడిచి, కలిసి వెళ్లి, కలిసి తిరిగి రావడం అనే ఆకారం మాత్రం ఏ కథకైనా వాడుకోవచ్చు. పేర్లు, దేవతలు, పూజలు, పెర్సాపేన్ మాటలు ఆటలోకి రావు. పెద్దలను అడగకుండా ఏదీ రాదు.

ఇంకోటి కూడా రాదు. ఇంగ్లీషు ఆటల్లో మంత్రగత్తె పాత్ర మామూలు. మన వైపు చేతబడి చేసిందన్న అనుమానంతో ముసలివాళ్లను కొట్టిన సంగతులు మీకు తెలుసు. అందుకని మా కథల్లో ఊరి ముసలమ్మ ఎప్పుడూ మంత్రగత్తె కాదు. ఊహాలోకమే కదా అని వదిలేయడానికి లేదు. ఊహలో అలవాటైంది కళ్లకు కూడా అలవాటవుతుంది.

ఆడేటప్పుడు మధ్యలో ఒక అట్టముక్క పెడతాం, దాని మీద ఇంటూ గుర్తు. జాన్ స్టావ్రోపౌలోస్ అనే ఆయన తెచ్చిన పద్ధతి ఇది. ఎవరికైనా కథలో వచ్చినది భయమనిపిస్తే, బాధనిపిస్తే ఆ అట్టను ముట్టుకుంటే చాలు. ఎందుకని అడగం. ఆ ముక్క తీసేసి ముందుకు పోతాం. తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలు, తాగిన ఇంటి నుంచి వచ్చిన పిల్లలు మా దగ్గరున్నారు. ఆ అట్టను ఎన్నిసార్లు ముట్టుకున్నారో మేము లెక్క రాయం.

ముగ్గురు జట్లు, మూడు ముగింపులు

"ఎండిన వాగు"ను మూడు జట్లు ఆడాయి. ఒక జట్టు గుహ పక్కనుంచి కొత్త కాలువ తవ్వింది. రెండు ఊళ్లవాళ్లనూ ఒప్పించి తవ్వించేసరికి ఐదో గడి నల్లబడింది. కొలామి తప్ప వేరే భాష మాట్లాడటానికి సిగ్గుపడే పాప ఆ జట్టులో ఉంది. రాతిమనుషుల భాష తనకొక్కదానికే వచ్చునని చెప్పి, వాళ్ల తరఫున అంతా కొలామిలోనే మాట్లాడింది. మిగతావాళ్లు ఆమె దగ్గర నేర్చుకుని జవాబు చెప్పాల్సి వచ్చింది.

రెండో జట్టు గుడ్లు పొదిగేదాకా రెండు ఊళ్లకూ దూరపు చెలిమ నుంచి నీళ్లు మోసింది. మూడో జట్టు వ్యాపారితో కలిసింది. గుడ్లు అమ్మింది. బంగారం పంచుకుంది. వాగు వచ్చింది, ఊళ్లు పండగ చేసుకున్నాయి. మాకు గుండె కలుక్కుమంది గానీ ఆపలేదు. ముగింపు రాయకూడదని నేర్పిన వాళ్లం, నచ్చని ముగింపు వచ్చిందని ఎలా ఆపుతాం? మరుసటి ఆదివారం కథ అక్కడి నుంచే మొదలైంది. వాగులో నీళ్లున్నాయి. కొండ మీద చప్పుడు లేదు. రాత్రిపూట రాతిమనుషులు ఒక్కొక్క ఇంటి ముందు వచ్చి నిలబడుతున్నారు. కొట్టరు, అరవరు. ఊరికే నిలబడతారు. ఆ జట్టు మూడు వారాలు ఆ కథ ఆడింది. గుడ్లు ఎవరు కొన్నారో వెతుక్కుంటూ వెళ్లింది. ఇంకా అయిపోలేదు.

ఖాళీ చోటు

మొదటి కథ రాసిన అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాం. ఆ అమ్మాయి చాలా రోజులు ఏమీ రాయలేదు. దండారి పండగ సెలవులకు ఇంటికి వెళ్లి వచ్చాక ఒక ఠావు తెచ్చింది. ఇప్పుడు కథ గుహ లోపల మొదలవుతుంది. ఆడేవాళ్లందరూ గుహలో పుట్టినవాళ్లే. బయట కోట ఒకటి లేచింది. కోటలోవాళ్లు ఏం కోరుతున్నారో, వాళ్లతో ఏం మాట్లాడాలో తెలియదు. కోటవాళ్లను రాక్షసులుగా రాయలేదు. కోటలో జ్వరంతో ఉన్న ఒక పిల్ల ఉంది, గుహవాళ్ల దగ్గర మందుంది. చిక్కు అదే.

పటం కూడా వేసింది. ఏ చెట్టు కింద తవ్వితే నీళ్లుంటాయి, జంతువు నడిచిన దారి రాయి మీద ఎలా తెలుస్తుంది, ఇలాంటివన్నీ తాతను అడిగి రాసుకొచ్చింది. పటం నడుమ అరచేయంత చోటు తెల్లగా వదిలేసి ఉంది. "ఇక్కడేముంది?" అని అడిగాం.

"తాత చెప్పిండు మేడం. కానీ రాయొద్దన్నడు."

ఆ చోటు అలాగే ఉంచాం. ఆటలో అక్కడికి ఎవరూ వెళ్లరు. ఎందుకని ఎవరైనా అడిగితే "అది వాళ్లది" అని చెప్తుంది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీలో చాలామంది ఫోన్‌లో ఆటలు ఆడతారు. ఆ ఆటలను ఎక్కడో ఎవరో తయారుచేశారు. అందులో అడవి ఉంటుంది, అడవిలో శత్రువులుంటారు. కాల్చేముందు ఒక్కసారి ఆగి, అది ఎవరి ఇల్లో చూడండి. చూసి ఊరుకోకండి. ఒక ఠావు తీసుకుని మీ కథ మీరు రాయండి. చిక్కు, నలుగురు మనుషులు, ఐదు చోట్లు, మూడు ఆధారాలు, ఆరు గళ్లు. ముగింపు వదిలేయండి. ఇంటికి వెళ్లి పెద్దవాళ్లను అడగండి. వాళ్లు రాయొద్దన్నది రాయకండి. ఏది రాయొద్దన్నారో తెలుసుకోవడం కూడా చదువే.

మధ్యాహ్నం భోజనాల తర్వాత మా పిల్లలు బయట మర్రిచెట్టు కింద మూడు చాపలు పరిచి కూర్చుంటారు. పాచికలు వాళ్ల దగ్గరున్నాయి. ఒక్కో చాప మీద నలుగురికి చోటుంది. చోటు దొరకనివాళ్లు పక్కన కూర్చోండి. ప్రశ్నలు అడగొచ్చు.